తాళం తప్పిందెవరు?

పాట సగంలో ఉండగా మాథ్యూ ఆమె చేయి వదిలేశాడు.

చేయి జారిందేమో అనుకుని జబీనా మళ్లీ అందుకోబోయింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, గోడ దగ్గరికి వెళ్లి స్పీకరు ఆపేశాడు. కింద టైర్ల షాపులో గాలి పట్టే మిషను చప్పుడు తప్ప హాల్లో ఇంకేమీ లేదు. జంటలుగా నిలబడ్డ పద్దెనిమిది మందీ వాళ్లిద్దరి వైపే చూస్తున్నారు.

"తాళం తప్పుతుండావు జబీనా," అన్నాడు మాథ్యూ. "రెండు నెలల నుంచీ చూస్తుండా. నేనొక దగ్గరుంటే నువ్వొక దగ్గరుండావు."

"కట్టెల దెబ్బ మీదనే అడుగు వేస్తుండా సార్."

"ఏంది?"

"కట్టెల మీదనే..."

"నాకు చెప్పబాకమ్మా. పదహారేండ్లు ఓడలో ఇదే పాట విన్నా నేను." ఆయన తల తిప్పి హాలంతా ఒకసారి చూశాడు. "సుభాషిణీ, నువ్వు రా. వచ్చే ఆదివారం మైపాడు ప్రోగ్రాంలో నాతో నువ్వు వేస్తావు."

బ్యాంకులో పనిచేసే ఆ పిల్ల, తన జతగాడి చేయి వదిలి, జబీనా ముఖం చూడకుండా పక్కనుంచి నడిచి వచ్చింది.

నెల్లూరు ముత్తుకూరు రోడ్డులో టైర్ల షాపు పైన ఉన్న ఆ హాల్లో ప్రతి ఆదివారం సాయంత్రం మాథ్యూ నేర్పేది సోన్. క్యూబా పల్లెల్లో పుట్టిన డాన్సు. సాల్సాకు తల్లిలాంటిది. యాత్రికుల ఓడలో, నీటిమట్టానికి దిగువన ఉండే లాండ్రీలో, పక్కన దుప్పట్లు మడతబెట్టే క్యూబా మనిషి దగ్గర నేర్చుకున్నాడు దాన్ని. మూడడుగులు వేసి ఒక మాత్ర ఆగాలి. రెండు చెక్క కట్టెలు ఒకదానిమీద ఒకటి కొడుతూ మూడు దెబ్బలు, రెండు దెబ్బలు వాయిస్తారు. పాటలో గిటారు ఎటు పోయినా, గొంతు ఎటు పోయినా ఆ అయిదు దెబ్బలు మారవు. సినిమా పాటలకు వేయిద్దామని ఎవరన్నా అంటే మాథ్యూ ఒప్పుకునేవాడు కాదు. "తాళం మన కోసం ఆగదు. మనమే దాన్లోకి పోవాల," అనేవాడు. మూడేళ్లుగా ఆ మాట విన్నది జబీనా. ఆ మాటే నమ్మింది.

ఆమె గోడ వారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. వెంటనే వెళ్లిపోతే ఏడ్చిందనుకుంటారు. పాట మళ్లీ మొదలైంది. చున్నీ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మాథ్యూ, సుభాషిణి వేస్తున్న అడుగులు చూసింది. ఇద్దరూ ఒక్క మనిషిలా కదులుతున్నారు. కట్టెల దెబ్బ మాత్రం వాళ్లు అడుగు వేశాక పడుతోంది. ఆమెకు అట్లాగే వినిపిస్తోంది. హాల్లో ఇంకెవరి ముఖంలోనూ ఆ సంగతి కనపడలేదు.

అయితే తప్పు తన చెవులదేనా?

మర్నాడు అల్లూరు దగ్గర హేచరీలో తెల్ల బేసిన్ ముందు కూర్చుని రొయ్యపిల్లల్ని లెక్కపెడుతోంది జబీనా. కనురెప్ప వెంట్రుకంత సన్నగా ఉంటాయవి. తొట్టిలోంచి ఒక చిన్న గ్లాసుడు నీళ్లు ముంచి, బేసిన్‌లో పోసి, చెంచాతో అయిదేసి చొప్పున తీసి పక్క గిన్నెలో వేయాలి. ఆ లెక్కను బట్టే సంచుల్లో ఆక్సిజన్ పట్టి చెరువుల వాళ్లకు పంపుతారు. పదకొండేళ్లుగా చేస్తున్న పని. కొనేవాళ్లు లెక్క మీద తగువుకు వచ్చినప్పుడల్లా సూపర్‌వైజరు, "జబీనక్క చూసిందా? అయితే ఇంక మాటల్లేవు," అనేవాడు.

మొదటిసారి నాలుగువందల ముప్పై వచ్చాయి. ఎందుకో అనుమానమేసి మళ్లీ పెట్టింది. నాలుగువందల పది. మూడోసారి సగంలోనే ఎక్కడున్నదీ మరిచిపోయింది. చెంచా గాల్లో ఆగిపోయింది. నుదుటి మీద చెమట బేసిన్‌లో పడుతుందేమోనని వెనక్కి వాలింది.

"ఏందక్కా, ఒంట్లో బాలేదా?" సూపర్‌వైజరు తలుపు దగ్గర నుంచి అడిగాడు.

"బాగానే ఉండా. మళ్లీ పెడతా."

నాలుగోసారి ఒక్కొక్కటిగా లెక్కపెట్టింది, కొత్తగా పనిలో చేరినప్పటిలాగా. బయట చెరువుల ఆయన మోటారు సైకిలు మీదే కూర్చుని రెండుసార్లు హారన్ కొట్టాడు. తొట్లలోకి గాలి ఊదే ఎరేటర్ల బుడబుడ చప్పుడులో కూడా ఆమెకు మూడు దెబ్బలు, రెండు దెబ్బలు వినపడుతున్నాయి. అవి నిజంగా అక్కడ ఉన్నాయో, తను ఊహించుకుంటోందో తెలియలేదు. చెవి ఇంత అబద్ధం చెప్పగలిగితే, కన్ను చెప్పదని ఏముంది? చేయి చెప్పదని ఏముంది?

సాయంత్రం వ్యాను దిగి నేరుగా భర్త హనీఫా షాపుకు వెళ్లింది. ఆయన పరుపులు కుడతాడు. నేల మీద పరిచిన దూది మీద సన్నటి బెత్తంతో కొడుతున్నాడు. ఒక దెబ్బ పడ్డచోట రెండోది పడకుండా, వరసగా, తొందర లేకుండా కొడుతున్నాడు. గడ్డం నిండా దూది అంటుకుని ఉంది.

జబీనా ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. రెండు వారాల కిందట సుభాషిణి తీసి పంపిన వీడియో. జబీనా, మాథ్యూ డాన్సు చేస్తున్నది.

"దీంట్లో తప్పెవరిదో చెప్పు."

"నాకు డాన్సు తెలవదు గదా."

"డాన్సు వద్దు. కట్టెల చప్పుడు విను. మా కాళ్లు చూడు. అంతే."

హనీఫా బెత్తం పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోన్ దగ్గరగా తీసుకున్నాడు. ఒకసారి చూశాడు. మళ్లీ మొదటికి జరిపి చూశాడు. మూడోసారి చూస్తూ వేలితో నేల మీద కొట్టుకున్నాడు. జబీనా ఆయన వేలినే చూస్తోంది.

"నువ్వు చప్పుడుతో పోతుండావు. ఆయన చప్పుడు రాకముందే పోతుండాడు."

"బాగా చూసినావా? నా మీద ప్రేమతో చెప్పబాక."

"ప్రేమేందే దీంట్లో. ఇంకోటి చెప్తా విను. తాళం రానోడు ఒకసారి ముందు పడతాడు, ఒకసారి వెనక పడతాడు. ఈయన అట్టా కాదు. ప్రతిసారీ ఒకే కొలత ముందు పడుతుండాడు. అంటే ఆయన ఇంకేదో చప్పుడు పట్టుకోని వేస్తుండాడు."

ఇంటికి వెళ్లాక ఆ పాటే పెట్టుకుని వంటగదిలో నిలబడి విన్నది జబీనా. కట్టెల్ని వదిలేసి మిగతావి ఒక్కొక్కటే విన్నది. గిటారు కాదు. చేత్తో కొట్టే బొంగో డప్పులు కాదు. అన్నిటికంటే లోతుగా మోగే బేస్ తీగ. సోన్‌లో బేస్ ఎప్పుడూ అడుగుకు ఒక మాత్ర ముందే మోగుతుంది. కట్టెలు వినపడేవాళ్లకు ఆ తొందర ఒక సరదా. కట్టెలు వినపడకపోతే మాత్రం అదే అడుగు అనిపిస్తుంది.

కట్టెలు వినపడకపోతే.

ఆమె స్టవ్ ఆపేసింది. కూర అడుగంటిన వాసన వస్తోంది.

బుధవారం హేచరీ వ్యాను నుంచి ముత్తుకూరు రోడ్డులోనే దిగిపోయింది. డాన్సు చెప్పులు హాల్లో మరిచిపోయానన్న సాకు ఉంది. నిజంగానే మరిచిపోయింది. మెట్లెక్కింది. తలుపు తీసే ఉంది. మాథ్యూ కిటికీ దగ్గర వీధి వైపు తిరిగి, స్పీకరు వైరును మోచేతికి చుట్టుకుంటున్నాడు. ఆదివారం మైపాడుకు సామాను సర్దుతున్నట్టున్నాడు.

"సార్," అన్నది.

ఆయన చుట్టుకుంటూనే ఉన్నాడు.

"మాథ్యూ సార్."

బల్ల మీద కట్టెలు జతగా పెట్టి ఉన్నాయి. ఆమె వాటినే చూస్తూ నిలబడింది. ఇది దొంగతనం లాంటిదే అనిపించింది. మనిషి వెనక నిలబడి అతనికే తెలియకుండా అతన్ని పరీక్షించడం. చేయి దానంతటదే వెళ్లి కట్టెలు తీసుకుంది. ఒకసారి కొట్టింది. చెక్క చప్పుడు ఖాళీ హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు టక్కుమని తగిలింది. మాథ్యూ భుజం కూడా కదలలేదు. ఆమె మూడు దెబ్బలు కొట్టింది. ఆగి, రెండు దెబ్బలు కొట్టింది. ఆయన వైరు చివర ముడి వేసి, చిక్కు పడ్డచోట గోరుతో విడదీస్తున్నాడు.

కట్టెలు తిరిగి పెడుతుంటే ఆమె భుజం మీది సంచి జారి నేల మీద ధబ్బున పడింది. మాథ్యూ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు.

"ఎప్పుడొచ్చినావు? వెనకాల అట్టా నిలబడితే ఎట్టా?"

"ఇప్పుడే సార్."

ఆయన చూపు ఆమె కళ్ల మీద లేదు. పెదవుల మీద ఉంది. ఎన్నాళ్ల నుంచో అట్లాగే ఉండేదని ఆమెకు అప్పుడే తట్టింది.

"చెప్పులు... చెప్పులు మరిచిపోయినా."

"ఆ మూల ఉండాయి చూడు." ఆయన వైరు చుట్టను బల్ల మీద పెట్టాడు. "ఆదివారం రా మైపాడుకి. మద్రాసు నుంచి ఇరవై మంది డాన్సు వాళ్లు వస్తుండారు, వాయించేవాళ్లతో సహా. మనవాళ్లు నిండుగా కనపడాల."

చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. "సార్, మీకు..." వరకు అన్నది కూడా. ఆయన ముఖం ఒక్కసారిగా బిగుసుకుంది. ఏం వినబోతున్నాడో తెలిసిన మనిషి ముఖంలా ఉంది. ఆమెకు ధైర్యం చాలలేదు. "మీకు సాయం ఏమన్నా కావాల్నా?" అని ముగించింది.

"వద్దు," అన్నాడు మాథ్యూ.

మెట్లు దిగుతుంటే ఆమెకు తన మీదే కోపం వచ్చింది. ఇప్పటిదాకా తన చెవుల గురించి భయం. ఇప్పుడు ఆయన గురించి భయం. రెండోది ఇంకా బరువుగా ఉంది.

శుక్రవారం సుభాషిణికి ఫోన్ చేసింది.

"నీకేమన్నా తేడాగా వినపడుతుందా, సార్‌తో వేసేటప్పుడు?"

"వినపడుతుందక్కా," అన్నది సుభాషిణి గొంతు తగ్గించి. "ముందే పోతారు. నేనూ ఆయనతో పోతా. లాగితే వస్తా, తోస్తే పోతా. ఆయన సార్ గదా, నేనెట్టా చెప్పేది?"

"మరి ఆరోజు నన్నన్నప్పుడు?"

"నన్ను క్షమించక్కా," అన్నది ఆ పిల్ల.

ఆదివారం వెళ్లకూడదనే అనుకుంది జబీనా. మధ్యాహ్నం బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్లీ జాడించింది. హనీఫా బైకు బయటపెట్టి, సీటు తుడుస్తూ నిలబడ్డాడు. "పోకపోతే ఇంట్లో కూర్చోని ఊహించుకుంటా ఉంటావు. దానికంటే కళ్లతో చూసేది మేలు," అన్నాడు చివరికి.

మైపాడులో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కల్యాణ మండపం మాట్లాడుకున్నారు. పక్క గోడలకు పెద్ద పెద్ద కిటికీలున్నాయి. గాలికి తెరలు లోపలికి ఎగురుతున్నాయి, నేలంతా సన్నటి ఇసుక. మద్రాసు వాళ్లు పొద్దు వాలకముందే వచ్చారు. గిటారు, బేస్, బొంగో వాయించే ముగ్గురు వాళ్లతో వచ్చారు. కట్టెలు వాయించడానికి మాత్రం గూడూరు నుంచి యెహోషువను పిలిచాడు మాథ్యూ. అరవై దాటిన మనిషి. చర్చిలో తబలా వాయిస్తాడు. మాథ్యూకు చిన్నప్పటి స్నేహితుడు. ఇస్త్రీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని, కట్టెల్ని ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు.

జబీనా హనీఫా పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

పాట మొదలైంది. మాథ్యూ, సుభాషిణి హాలు మధ్యకు వచ్చారు. నాలుగు అడుగులు పడ్డాయో లేదో జబీనాకు తెలిసిపోయింది. ఒక మాత్ర ముందు. మద్రాసు ఆడమనిషి ఒకామె కనుబొమలు ముడిచి పక్కవాడి చెవిలో ఏదో అన్నది. వాడు నవ్వు ఆపుకున్నాడు. ఇంకొకతను ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. బేస్ వాయించే అతను మాథ్యూ కాళ్ల వైపు చూసి, వాయించడం మానకుండానే యెహోషువ వైపు చూశాడు. యెహోషువ స్నేహితుడి అడుగులు చూశాడు, తన చేతులు చూసుకున్నాడు, మళ్లీ అడుగులు చూశాడు. మాథ్యూను అందుకోవాలని కట్టెలు తొందరగా కొట్టాడు. ఆ క్షణంలో పాట మొత్తం చెదిరిపోయింది. గిటారు ఆగింది.

మాథ్యూ నిలబడిపోయాడు. ముఖం ఎర్రబడింది.

"ఏంది యెహోషువా, కట్టెలు తప్పుతుండావు?" అన్నాడు. హాలంతా వినపడేట్టు అన్నాడు.

యెహోషువ లేచి నిలబడ్డాడు. అంత పెద్దమనిషి, బడిలో తప్పు చేసిన పిల్లవాడిలా, కట్టెలు రెండూ గుండెకు ఆనించుకుని, "నాదే పొరపాటు. చాన్నాళ్లయింది గదా కట్టెలు వాయించి," అన్నాడు.

ఆ మాట విన్నాక జబీనా ఇంక నిలబడలేకపోయింది. హనీఫా ఆమె చేతిలోంచి బ్యాగు తీసుకున్నాడు. ఆమె హాలు మధ్యకు నడిచింది. యెహోషువ ముందు ఆగి, "మీరు తప్పలా అన్నా. ఇందాక మొదట వాయించినట్టే వాయించండి. ఎవురికోసమూ మార్చబాకండి," అన్నది. తర్వాత మాథ్యూ ఎదురుగా నిలబడి, ఆయన చూడగలిగేట్టు ముఖం ఎత్తి, చేయి చాపింది.

డాన్సుకు ఎవరు ఎవర్నైనా అడగొచ్చని, అడిగితే కాదనకూడదని ఆయనే నేర్పాడు అందరికీ. మాథ్యూ ఆ చేతిని చాలాసేపు చూశాడు. సుభాషిణి తనంతట తానే పక్కకు తప్పుకుంది. ఆయన చేయి అందుకున్నాడు.

కట్టెలు మొదలయ్యాయి. జబీనా ఎడమ చేయి ఆయన వీపు మీద, భుజం ఎముక కింద ఆనించి ఉంది. ఆ చేతి రెండు వేళ్లతో కొట్టింది. మూడు దెబ్బలు. రెండు దెబ్బలు. చొక్కా లోపల ఆయన వీపు కట్టెలాగా బిగుసుకుంది.

ఆయన ముందే అడుగు వేశాడు. ఆమె కదల్లేదు. బరువంతా కాలి మీద నిలిపి అక్కడే ఉండిపోయింది. ఆయన మోకాలు ఆమె మోకాలికి తగిలింది. ఎవరో చిన్నగా నవ్వారు. ఆమె వేళ్లు ఆపలేదు. మళ్లీ ముందే వేయబోయాడు. మళ్లీ ఆమె కదల్లేదు. దగ్గరగా ఉన్న ఆయన ఊపిరి ఆమెకు వినపడుతోంది. భయపడ్డ మనిషి ఊపిరి. వదిలేసి వెళ్లిపోతాడేమో, పోయిన వారంలాగే చేయి విదిలించేస్తాడేమో అనుకుంది. మూడు దెబ్బలు. రెండు దెబ్బలు.

మాథ్యూ ఆగిపోయాడు. ఒక వరస పూర్తిగా, అయిదు దెబ్బలూ, నిలబడే విన్నాడు, వీపుతో. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ మొదటి దెబ్బ పడ్డప్పుడు, దానితో కలిపి, ఇద్దరి అడుగూ ఒకేసారి పడింది.

పాట అయ్యేదాకా ఆమె వేళ్లు ఆపలేదు. చప్పట్లు కొట్టారు. ఆయన ఎవరి వైపూ చూడకుండా వరండాలోకి వెళ్లిపోయాడు. ఆమె వెనకాలే వెళ్లి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"డాక్టరుకు చూపించుకోవాల సార్ మీరు. రెండు నెలల నుంచీ మీకు కట్టెలు వినపడటం లా."

మాథ్యూ సముద్రం వైపు చూస్తూ తల అడ్డంగా ఆడించాడు. "రెండు నెలలు కాదమ్మా. రెండేండ్లు."

ఆమెకు అర్థం కాలేదు.

"ముందు పిట్టల చప్పుడు పోయింది. తర్వాత ఫోన్ మోగేది. తర్వాత కట్టెలు. బేస్ మిగిలింది, దాన్నుంచి ఒక మాత్ర లెక్కేసుకోని వేసేవాణ్ణి. ఈ మధ్య ఆ లెక్క కూడా జారిపోతా ఉండాది. అందరూ నాతో కలిసి జారినారు. నువ్వు ఒక్కదానివే జారలా. నువ్వు నిలబడ్డ ప్రతిసారీ నేను తప్పినట్టు నాకు తెలిసేది."

"తెలిసే అన్నారా నన్ను?"

ఆయన తల దించి, మళ్లీ ఆమె పెదవుల వైపు చూశాడు.

జబీనాకు ముందు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒళ్లంతా అలసిపోయినట్టయింది. "మూడు రోజులు నా చెవుల్ని నేనే నమ్మలా సార్," అన్నది. "పనిలో లెక్క తప్పినా. పదకొండేండ్లలో ఎప్పుడూ తప్పలా. నాకు పిచ్చి పట్టిందేమో అనుకున్నా. మీ చెవులు పోయినందుకు బాధగానే ఉండాది. కానీ నన్ను నలుగురి ముందర అన్నారు. యెహోషువన్నను ఇప్పుడే అన్నారు. నలుగురి ముందరే చెప్పండి."

"క్లాసులో చెప్తా. వచ్చే ఆదివారం."

"ఇప్పుడే."

"మద్రాసోళ్లు ఉండారు జబీనా. ఇది తెలిస్తే ఇంకెవురూ నా దగ్గరికి రారు."

"తెలవదు సార్ నాకు. వస్తారో రారో." ఆమె తలుపు వైపు చేయి చూపింది. "నేను మాత్రం ఆదివారం దాకా మొయ్యలేను."

లోపల వాయిద్యాల వాళ్లు తీగలు సరిచేసుకుంటున్నారు. మాథ్యూ రెండు చేతులతో ముఖం తుడుచుకుని లోపలికి నడిచాడు. నేరుగా యెహోషువ దగ్గరికి వెళ్లి, ఆయన కట్టెలు పట్టుకున్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఏదో అనబోయి, వదిలి, హాలు మధ్యకు వచ్చి నిలబడ్డాడు. జబీనా తల దించుకుంది. తనే అడిగింది. ఇప్పుడు తనే చూడలేకపోతోంది.

"నాకు చెవుడొచ్చింది," అన్నాడు మాథ్యూ. తన గొంతు తనకు ఎంత వినపడుతుందో తెలియక, అవసరమైనదానికంటే చాలా గట్టిగా అన్నాడు. "కట్టెలు వినపడవు నాకు. పోయిన వారం తాళం తప్పింది జబీనా కాదు, నేను. ఇందాక తప్పింది యెహోషువా కాదు. నేనే. తెలిసే వాళ్ల మీద వేసినా." ఆగి, అక్కడున్న ముఖాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. ఎవరి పెదవీ కదలడం లేదు. ఆయన చూపులో కంగారు మొదలైంది. "వినపడిందా?" అని అడిగాడు.

జబీనా తల ఎత్తి, ఆయన చూసేదాకా ఆగింది.

"వినపడింది సార్," అన్నది, పెదవులు నిదానంగా కదిలిస్తూ.